అక్క పేరు మీద బెడ్

బ్యాగులు కుట్టే ఆ షెడ్డులో మిషన్లు అయిదు, ఫ్యాను ఒకటి. వార్తలకు మాత్రం కొదవ లేదు. ఆ బాధ్యత రేడియో పిన్నిది. కుట్టిన బ్యాగులకు వేలాడే దారాలు కత్తిరించడం ఆవిడ పని. చేతులు దారాల మీద, చెవి ఫోను మీద. ఏ దేశంలో వైరస్ కొత్త వేషం కట్టిందో, ఏ ల్యాబులో ఏ కోతికి ఏ మందు ఎక్కించారో, ఎక్కడ ఆక్సిజన్ అయిపోయిందో, అన్నీ ఆవిడ నోటి నుంచి మిషన్ల చప్పుడు మీదుగా వచ్చి అందరి చెవుల్లో పడేవి. అందులో సగం నిజం. మిగతా సగం ఆవిడ దయ.

జిప్పులు వేసేది జిప్పులక్క. అసలు పేరుతో ఆమెను పిలిచేవాళ్ళు ఇంట్లో కూడా లేరు. ముప్పై దాటిన మనిషి, పొట్టి, చురుకు. నోటిదాకా వచ్చిన మాటను మింగే రకం కాదు.

ఆ వేళ షెడ్డులో నలిగిన విషయం యజమాని భార్య. ఆవిడకు జబ్బు సోకితే పెద్దాసుపత్రిలో విడి గది దొరికింది. గదిలో టీవీ, పొద్దునా సాయంత్రం డాక్టరు. అదే వారంలో, బకిల్స్ బిగించే ఆమె భర్తను ఆటోలో వేసుకుని ఊరంతా తిప్పి, చివరికి ప్రభుత్వాసుపత్రి వరండాలో నేల మీద పడుకోబెట్టారు. అతను బతికి బయటపడ్డాడు గానీ ఇప్పటికీ మెట్లు ఎక్కలేడు.

"వైరస్‌కి బీదా గొప్పా తేడా లేదంట. ఎవరో పెద్ద సైంటిస్టు చెప్తున్నాడు," అంది రేడియో పిన్ని.

"వైరస్‌కి లేదులే పిన్నీ. వాచ్‌మన్‌కి ఉంది," అంది జిప్పులక్క మిషను ఆపకుండా.

అందరూ నవ్వారు. బకిల్స్ ఆమె నవ్వకపోవడం చూసి సర్దుకున్నారు.

అక్కడి నుంచి మాట టీకా మీదికి మళ్ళింది. ఊరి చివర ఒక పరిశోధన కేంద్రం ఉంది. కొత్త టీకా ఏ మాత్రం పనిచేస్తుందో తేల్చడానికి వాళ్ళు మనుషులను చేర్చుకున్నారు. చేరినవాళ్ళలో సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త ఉప్పునీళ్ళు. ఎవరికి ఏది పడిందో వేయించుకున్నవాళ్ళకూ తెలియదు, వేసిన నర్సుకూ తెలియదు. షెడ్డు నుంచి జిప్పులక్క, బ్యాగు అంచులకు పైపింగ్ కుట్టే పిల్ల చేరారు. సూది పడ్డాక పైపింగ్ పిల్లకు చెయ్యి లేవలేదు కాబట్టి ఆమెది మందనీ, జిప్పులక్కకు చీమ కుట్టినట్టయినా లేదు కాబట్టి ఆమెది నీళ్ళనీ రేడియో పిన్ని తీర్పు చెప్పేసింది.

నీళ్ళయితే నీళ్ళే, తను చేరింది సూది కోసమా అని జిప్పులక్క కొట్టిపారేసింది. నిజమే, ఆమె చేరింది కార్డు కోసం. ప్రయోగంలో ఉన్న మనిషికి జబ్బు సోకితే కార్డు మీది నంబరుకు ఫోను చేస్తే చాలు. బండి ఇంటికే వస్తుంది. కేంద్రం ఆవరణలోనే ఉన్న సొంత ఆసుపత్రిలో బెడ్ ఇస్తారు, ఖర్చంతా వాళ్ళదే. పైగా వారం వారం ఒకమ్మాయి ఫోను చేసి జ్వరముందా, దగ్గుందా, నోటికి రుచి తెలుస్తోందా అని అడిగేది. జిప్పులక్క ఆమెకు ఫోనమ్మాయి అని పేరు పెట్టుకుంది. తాళి కట్టిన మనిషి ఏనాడైనా ఇలా అడిగాడా అని మొగుణ్ణి దెప్పడానికి కూడా ఆ ఫోను పనికొచ్చేది.

కార్డు మీద ఫొటో ఒకటి ఉంది. పేర్లు రాసుకునే హాల్లో ఎవరూ మాస్కు తియ్యకూడదని ఒక నిబంధన. ప్రతి కార్డుకూ ఫొటో ఉండాలని ఇంకో నిబంధన. ఫొటో తీసినాయన రెండింటినీ గౌరవించాడు. దాంతో కార్డు మీద ఒక నుదురు, రెండు కళ్ళు, ఒక మాస్కు. అది తనో, బ్యాంకు దోచుకోవడానికి వచ్చిన దొంగో తనకే తెలియడం లేదని చెప్పి జిప్పులక్క ఇంట్లో అందరినీ నవ్వించింది.

అందరికంటే ఎక్కువ నవ్వింది చిన్నమ్మి. జిప్పులక్కకు తోడికోడలు, మరిది భార్య. రెండు కుటుంబాలవీ పక్కపక్క గదులు, ఒకటే వంట, ఒకటే కుళాయి. చిన్నమ్మి కూడా టీకా ప్రయోగానికి వెళ్ళింది గానీ, పాలిచ్చే తల్లులను చేర్చుకోబోమని వెనక్కి పంపేశారు. ఆమె కూతురు ఇంకా పాకే పిల్ల.

జబ్బు వచ్చింది ఆ చిన్నమ్మికే.

మొదట జ్వరం. తర్వాత ఆయాసం. చిన్న మాటను కూడా మధ్యలో తెంపి, ఊపిరి తీసుకుని, మళ్ళీ అందుకునేది. మరిది టైర్ల షాపులో పని వదిలి వచ్చి ఆమెను ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాడు. గేటు దగ్గరే ఒకాయన వేలికి క్లిప్పు తగిలించి చూసి, బెడ్లు లేవు, ఖాళీ అయితే పిలుస్తాం, అందాకా నీడలో కూర్చోండి అన్నాడు. నీడ కూడా ఖాళీ లేదు. ప్రైవేటు ఆసుపత్రిలో ముందు డిపాజిట్ కట్టమన్నారు. ఆ అంకె విని మరిది రెండో మాట అడక్కుండా బయటికొచ్చేశాడు. ఇల్లు చేరేసరికి చిన్నమ్మి పెదవులు నీలానికి తిరుగుతున్నాయి.

జిప్పులక్క కార్డు తెచ్చి తోడికోడలి మొహం పక్కన పెట్టి చూసింది. ఆమెకు మాస్కు తొడిగి మళ్ళీ చూసింది.

"ఇవాళ్టి నుంచి నువ్వే నేను," అంది.

దొరికితే పోలీసుల దాకా పోతుందని ఆమె మొగుడు గొణిగాడు. అతను సరుకుల వ్యాను నడుపుతాడు, పోలీసులంటే రోజూ పడే బాధ. వదిన ఫోను అందుకుని, జ్వరంగా ఉంది, ఊపిరాడటం లేదు అని దొంగ దగ్గు దగ్గుతుంటే మరిది గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

బండి వచ్చేలోగా జిప్పులక్క పాఠం మొదలుపెట్టింది. తన పేరు, తన పుట్టిన తేదీ, టీకా ఏ చేతికి వేశారు, టైఫాయిడ్‌తో తను ఆసుపత్రిలో ఉన్నది ఎప్పుడు, అన్నీ అప్పజెప్పించుకుంది. పాలు చేపితే బాత్రూములోకి పోయి పిండుకోమంది. పిల్ల ఉన్నట్టు పొరపాటున కూడా అనొద్దంది. తన ఫోను కూడా ఆమె చేతిలో పెట్టి, ఆమెది తను ఉంచుకుంది. కేంద్రం వాళ్ళు చేసేది ఆ నంబరుకే మరి.

"వాళ్ళు ఏం అడిగినా నా గురించే చెప్పాలి. నీ గురించి ఒక్క ముక్క బయటికి రాకూడదు. అర్థమైందా?"

చిన్నమ్మి తల ఊపింది. బడిలో ఎలా చదివేదో ఎవరికీ తెలియదు గానీ, ఈ పాఠం మాత్రం పొల్లుపోకుండా నేర్చుకుంది. కొంప మీదికి తెచ్చింది కూడా అదే.

*

బండి వచ్చింది, కార్డు చూశారు, కళ్ళు చూశారు, ఎక్కించుకున్నారు. ఆ క్షణం నుంచి జిప్పులక్క ఆసుపత్రిలో ఉన్నట్టు లెక్క. కాబట్టి గడప దాటడానికి వీల్లేదు. షెడ్డుకు ఆమె మొగుడే వెళ్ళి చెప్పొచ్చాడు. నీళ్ళ సూది అని ముందే అన్నానా లేదా అని రేడియో పిన్ని అందరినీ నిలదీసి, ఆ తర్వాత ఏడ్చిందట.

"నువ్వు ఎక్కువ రోజులు ఉండవని చెప్పుకుంటున్నారు," అన్నాడు మొగుడు.

"పిన్ని ఎంతసేపు ఏడ్చింది?"

"టీ వచ్చేదాకా."

"పరవాలేదు, బాగానే ఏడ్చింది," అని జిప్పులక్క పాలసీసా కడగడానికి పోయింది. చిన్నమ్మి కూతురు సీసా ముట్టుకోనని ఒక పూట మారాం చేసి, ఆకలికి ఓడిపోయింది.

రోజూ మధ్యాహ్నం చిన్నమ్మి ఫోను చేసేది. వార్డులో ఎవరైనా దగ్గరుంటే అక్కను చెల్లీ అని పిలిచేది. అంతవరకూ నేర్పింది జిప్పులక్కే. కానీ చిన్నమ్మి ఆ పెద్దరికాన్ని కాస్త ఎక్కువే అనుభవించింది. చెల్లీ, వేళకు తింటున్నావా, చెల్లీ, పనంతా నెత్తిన వేసుకోకు అని హితబోధలు చేసేది. నర్సు అటు తిరిగాక గొంతు తగ్గించేది. మీట నొక్కితే బెడ్ తలవైపు లేస్తుందనీ, ముక్కుకు ఆక్సిజన్ పెట్టారనీ, పెదవులు మామూలయ్యాయనీ చెప్పేది. "ఇక్కడ నన్ను మీరు అంటున్నారక్కా," అంది ఒకసారి, అదొక పెద్ద వింతలాగా.

ఆ మధ్యాహ్నం కూడా హుషారుగానే మొదలుపెట్టింది. ఊపిరితిత్తుల్లో ఇంకేదో ఇన్‌ఫెక్షన్ చేరిందట, భయం లేదట, సాయంత్రం నుంచి కొత్త సూది మొదలుపెడతారట.

"ఏ సూదైనా పడకపోవడం ఉందా అని అడిగారు. నాకన్నీ పడతాయి, టైఫాయిడ్ అప్పుడు కూడా ఇలాంటివే వేశారు అని చెప్పాను. ఫైల్లో కూడా అదే ఉందన్నారు. తడుముకోలేదక్కా."

జిప్పులక్క చేతిలో పాలసీసా అలాగే ఉండిపోయింది.

చిన్నమ్మి కాన్పప్పుడు పక్కనున్నది ఆమే. చీము పట్టకుండా అని ఒక సూది వేశారు. వేసిన కాసేపటికే చిన్నమ్మి మొహం ఉబ్బి కళ్ళు మూసుకుపోయాయి, గొంతులోంచి ఈల లాంటి చప్పుడు వచ్చింది. నర్సులు పరుగులు పెట్టి ఎలాగో గండం గట్టెక్కించారు. ఈ సూది ఈ పిల్లకు జన్మలో మళ్ళీ వెయ్యనివ్వకండి అని పెద్ద నర్సు జిప్పులక్కకే చెప్పింది, పేరు కూడా చెప్పింది. పొడుగాటి పేరు. పురిటిబిడ్డను ఎత్తుకునే సంబరంలో జిప్పులక్క ఆ పేరును ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది.

"కాన్పప్పుడు ఏమైందో మర్చిపోయావా? ఇప్పుడే నర్సును పిలిచి చెప్పు."

చిన్నమ్మి గొంతు తగ్గించింది.

"చెప్తే, ఇందాక ఎందుకు చెప్పలేదంటారు. కాన్పేమిటంటారు. పంపించేస్తారక్కా. బయటికొస్తే నేను బతకను. ఇది ఆ సూది కాదేమోలే."

"అదే అయితే?"

ఎవరో దగ్గరికి వచ్చినట్టున్నారు. "సరే చెల్లీ, ఉంటాను," అంది చిన్నమ్మి. ఫోను కట్టయింది.

మళ్ళీ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఎన్నిసార్లు చేసినా అంతే. తనకు కంఠతా వచ్చిన కేంద్రం నంబరుకు చేస్తే, మీ ఫోను మాకు ఎంతో విలువైనది, లైనులో ఉండండి అని రికార్డు పాడింది. రెండోసారి కూడా అదే పాట. జిప్పులక్క పిల్లను మరిది చేతిలో పెట్టి చెప్పులు వేసుకుంది.

మొగుడు వాకిలికి అడ్డం నిలబడ్డాడు. నిజం చెబితే చిన్నమ్మిని బయట పడేస్తారు, ఆమె చెప్పింది అక్షరాలా నిజం, అది ఏ సూదో తెలియకుండా బెడ్ పోగొట్టుకుంటామా అని వాదించాడు. అతని మాట తప్పని జిప్పులక్కకూ అనిపించలేదు. బయట పడేస్తే ప్రమాదమే. కానీ ఆ ఈల చప్పుడు విన్నది అతను కాదు.

మరిది అన్నను పక్కకు జరిపాడు. "వదినను పోనీ," అన్నాడు.

*

పరిశోధన కేంద్రం గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. చుట్టాలకు ప్రవేశం లేదు, కార్డున్నవాళ్ళకే అన్నాడు. కార్డు లోపల ఉందని చెప్పింది జిప్పులక్క. ఎవరి దగ్గరుందో చెప్పమన్నాడు. ఆమె తన పేరు చెప్పింది. అతను ఫోన్లో కనుక్కుని, ఆ పేషెంటు రెండో అంతస్తులో ఉంది, ఆమెకు నువ్వేమవుతావని అడిగాడు.

"ఆమెను నేనే."

వాచ్‌మన్ ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. "లోపల పడుకున్న మనిషివి బయట ఎలా నిలబడ్డావమ్మా?"

"అదే చెప్పడానికి వచ్చాను. వారం వారం నాకు ఫోను చేసే అమ్మాయి ఉంటుంది, ఆమెను పిలువు. నా గొంతు వింటే ఆమెకు తెలుస్తుంది. వెంటనే పిలవకపోతే పైన ఒక మనిషి ప్రాణం పోతుంది. అది నీ తలకు చుట్టుకుంటుంది."

ప్రాణం సంగతికి కదిలాడో, తల సంగతికి కదిలాడో గానీ, పిలిచాడు.

ఫోనమ్మాయి సన్నగా, నిద్ర చాలని కళ్ళతో ఉంది. జిప్పులక్క నోరు తెరిచి రెండు మాటలు అనేసరికి ఆమె మొహంలో రంగు మారింది.

"మీ గొంతు... మరి పొద్దున నాతో మాట్లాడిందెవరు? జబ్బు వల్ల గొంతు మారిందనుకున్నాను."

"మా తోడికోడలు. తిట్లు తర్వాత తిడుదువుగాని తల్లీ. సాయంత్రం ఇస్తామన్న సూది ఆపించు. కాన్పప్పుడు అలాంటిదే ఒకటి పడక చావు అంచుదాకా పోయి వచ్చింది. పేరు నాకు తెలీదు. నేను నేర్పిన అబద్ధమే మీకు చెప్పింది."

ఫోనమ్మాయి తిట్టలేదు. అక్కడే నిలబడి పైకి ఫోను చేసింది. ఆమె మాటలు ఆగి ఆగి వచ్చాయి. ఎక్కించారా? ఇంకా లేదా? ఆపండి, ఏమీ ఎక్కించకండి, డాక్టరుగారిని పిలవండి. ఫోను పెట్టేసి, సీసా స్టాండుకు తగిలించి ఉందట, ఇంకా మొదలుపెట్టలేదట అని చెప్పింది. జిప్పులక్క గేటు పక్క సిమెంటు గట్టు మీద కూర్చుంది.

కాసేపటికి డాక్టరు దిగి వచ్చింది. నడివయసు ఆవిడ, మొహం మీద మాస్కు గీతలు పడి ఉన్నాయి. పైన చిన్నమ్మిని అడిగి అంతా రాబట్టినట్టుంది. కోపాన్ని అణుచుకుంటూ నెమ్మదిగా మాట్లాడింది. చిన్నమ్మి కాన్పు సంగతి విన్నాక ఆ సూది మార్చేశామని చెప్పింది. అది కూడా అప్పుడు పడని సూది జాతి మందే కావచ్చునట. ఇక జిప్పులక్క చేసిన పని గురించి మొదలుపెట్టింది. టీకా వేయించుకున్నాక కూడా ఊపిరాడక చేరిన మనిషి అని ఆమె పేరు లెక్కలోకి ఎక్కింది. ఆమెకు పడింది అసలు మందే అయి ఉంటే, ఆ మందు పనిచెయ్యలేదని ఒక తప్పుడు లెక్క తేలుతుంది. ఆ లెక్కల మీదే రేపు ఊరూరా ఎవరికి ఏం వెయ్యాలో నిర్ణయిస్తారు. ఇలాంటి వాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో ఇప్పుడు ప్రతి ఒక్కరినీ అనుమానించాలి.

జిప్పులక్క అన్నీ విని తల ఊపింది. ఇవేవీ ఆ రోజు తనకు తోచలేదని, తోచినా అదే పని చేసేదాన్నని చెప్పింది. తర్వాత అసలు సంగతి అడిగింది.

"ఆమెను పంపించేస్తారా?"

"ఆ బెడ్లు ప్రయోగంలో ఉన్నవాళ్ళవి. ఇవాళ కూడా ఇద్దరు వచ్చి కూర్చున్నారు. వాళ్ళకేం చెప్పమంటారు?"

"అది నా బెడ్డే కదా మేడమ్. నాకు జబ్బు చేస్తే ఇస్తామన్నారు, రాసిచ్చారు. నాకు ఇచ్చేశారనుకోండి. రేపు నాకే వస్తే ఈ గేటు దగ్గరికి రాను."

"అలా మార్చుకోవడానికి అది బస్సులో సీటు కాదమ్మా."

"తెలుసు మేడమ్. బస్సులో అయితే ఎవరో ఒకరు లేచి నిలబడతారు."

డాక్టరు లోపలికి వెళ్ళిపోయింది. ఉంచుతాననీ అనలేదు, పంపుతాననీ అనలేదు.

జిప్పులక్క మొగుడు వెనకే వచ్చి వ్యానును గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల పెట్టాడు. వెనక ఉన్న ఖాళీ పెట్టెలన్నీ ఒక పక్కకు నెట్టి, ఇంటికెళ్ళి పరుపు తెచ్చి పరిచాడు. బయట పడేస్తే ఏ ఆసుపత్రికి ముందు వెళ్ళాలో, ఏ దారిన పోతే ట్రాఫిక్ తక్కువో లెక్కలు వేస్తూ కూర్చున్నాడు. ఆమెను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండుననిపించింది జిప్పులక్కకు.

గేటు తెరుచుకున్నప్పుడల్లా ఆమె లేచి నిలబడింది. ఒకసారి గుడ్డల మూటలు వచ్చాయి. ఒకసారి డ్యూటీ దిగిన నర్సులు నవ్వుకుంటూ వచ్చారు. ఒకసారి స్ట్రెచర్ చక్రాల చప్పుడైంది. ఆమె రోడ్డు సగం దాటాక చూస్తే, దాని మీద ఖాళీ సిలిండర్లు ఉన్నాయి. వెనక్కి వచ్చి కూర్చుంది. మొగుడు నీళ్ళ సీసా అందించాడు.

ఎండ వ్యాను మీది నుంచి జారి గోడ ఎక్కింది. అప్పుడు ఫోనమ్మాయి ఒక్కతే బయటికి వచ్చింది. చేతిలో అట్ట, కాగితం, పెన్ను. రోడ్డు దాటి వచ్చి, ఉపోద్ఘాతం లేకుండా చిన్నమ్మి అసలు పేరు అడిగింది. వయసు అడిగింది. పిల్లకు ఎన్ని నెలలో, కాన్పు ఏ ఆసుపత్రిలో అయిందో అడిగింది. అక్కడికి ఫోను చేసి ఆ సూది పేరు కనుక్కుంటామంది. జిప్పులక్క ఒక్కొక్కటే చెప్పింది, ఈసారి ఉన్నది ఉన్నట్టు.

"ఇదంతా ఎందుకమ్మా?"

"ఆమె పేరు మీద వేరే ఫైలు తెరవమన్నారు డాక్టరుగారు. ఆక్సిజన్ మీదున్న మనిషిని కదపకూడదని రాశారు. వచ్చిన ఇద్దరికీ వరండాలో బెడ్లు వేశారు."

"ఎన్నాళ్ళు ఉంచుతారు?"

"అది నాకు తెలీదక్కా. పైవాళ్ళు అడిగితే ఆవిడే సమాధానం చెప్పుకోవాలి." ఫోనమ్మాయి కాగితం మడిచింది. "మీ పేరు తీసేశారు. కార్డు ఇక చెల్లదు. ఇకమీదట నేను ఫోను చెయ్యను."

"చెయ్యకపోతే పోనీ. వేళకు నిద్రపో," అంది జిప్పులక్క.

ఫోనమ్మాయి గేటులోకి వెళ్ళేదాకా చూసి వ్యాను ఎక్కింది. మొగుడు తాళం తిప్పబోయి ఆగాడు. వెనక పరిచిన పరుపు ఇంటికెళ్ళాక తీసెయ్యనా, రేపు పొద్దున్నే సరుకు ఎక్కించాలి కదా అని అడిగాడు.

జిప్పులక్క రెండో అంతస్తు కిటికీల వైపు చూసింది. వాటిలో ఏది చిన్నమ్మిదో తెలియలేదు.

"ఉండనీ," అంది. "ఆమె తనంతట తాను ఊపిరి తీసుకునేదాకా ఉండనీ. సరుకు దాని పక్కనే సర్దుకో."